చెల్లె ఏడ్చిన మాటలు

ఫిబ్రవరి 11

మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. కవిత్వం మానేసిన మనిషికి చేతిలో ఏదో ఒక పని ఉండాలి కదా. ఇది కవిత్వం కాదు. ఇందులో ఒక్క ఉపమానం కూడా రాయనని ఒట్టు.

పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కాను. గంటగంటకీ మీటర్లు చూడటం, లాగ్ షీట్లో రాయడం. సబ్‌స్టేషన్లో నేనొక్కడినే. కంచె అవతల అడవి, ఇవతల ట్రాన్స్‌ఫార్మర్ల రొద. జూలూరుపాడు నుంచి ఇక్కడికి బదిలీ అయి వచ్చినప్పుడు అందరూ అయ్యో అన్నారు. నాకేం బాధ లేదు. మనుషులు లేకపోతే ప్రశాంతంగా ఉంటుంది.

ఫిబ్రవరి 14

పద్మప్రియ ఫోన్ చేసింది. సత్తుపల్లి దగ్గర మామిడి తోటలున్న ఇంటి పిల్ల. హైదరాబాదులో ఒక గ్యాలరీ నడుపుతోంది. ఎప్పుడో ఖమ్మం సభలో నా కవిత విని వచ్చి నమస్కారం పెట్టింది, అంతే పరిచయం.

"కోటేష్ గారూ, మే నెలలో ఎగ్జిబిషన్ పెడుతున్నామండీ. కవిత్వం, వీడియో, శబ్దం, అన్నీ కలిపి ప్రయోగం అన్నమాట. మీ 'మెడ' కవిత మీద కొత్తగా ఏదైనా చేసిపెట్టాలి మీరు."

"నేను రాయడం మానేశానమ్మా" అన్నాను.

"మా నాన్న కూడా ఏడాదికి నాలుగుసార్లు సిగరెట్లు మానేస్తారండీ" అంది.

నవ్వొచ్చింది. కానీ ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 15

ఒప్పుకునే ప్రశ్నే లేదు.

ఫిబ్రవరి 16

ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 20

'కళాకారుడి మాట' అని ఒక పేజీ రాసి పంపమంది. రాశాను:

"మా లంబాడీ పెళ్ళిలో అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని పాడుతూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటాం. రాగం పెద్ద ఆడవాళ్ళు ముందే నేర్పుతారు. మాటలు మాత్రం ఆ పిల్ల అప్పటికప్పుడు కట్టుకోవాలి. తండ్రి మెడ మీద ఒకటి, తల్లి మెడ మీద ఒకటి, అన్న మెడ మీద ఇంకొకటి. 2003లో మా చెల్లె సంగీత నా మెడ మీద పడి పాడిన ఢావ్లోకు తెలుగు రూపమే 'మెడ' కవిత."

ఇక్కడిదాకా పంపాను. ఆ కవిత అచ్చయిన 2016 నుంచి సంగీత నాతో మాట్లాడటం లేదన్న సంగతి కళాకారుడి మాటలో రాయక్కర్లేదు కదా.

ఫిబ్రవరి 21

రాత్రి నిద్ర పట్టలేదు. నిన్న రాయకుండా వదిలేసింది ఇక్కడన్నా రాసేస్తే పోతుందేమో.

ఖమ్మం సభలో ఆ కవిత చదివాను. శాలువా కప్పారు. "అన్నా, ఏ ఇంటి పొయ్యికి కట్టెను చేసి పంపుతున్నావు నన్ను" అన్న చరణం దగ్గర ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పత్రికలో వచ్చింది, పాఠాలు చెప్పేవాళ్ళు ఫోన్లు చేశారు. వారం తర్వాత సంగీత చేసింది.

"మెడ మీద పడి ఏడిస్తే మైకుల చదివినవా?"

అంతే. పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మూడేళ్ళకు అమ్మ పోయినప్పుడు పదకొండు రోజులూ ఒకే ఇంట్లో ఉన్నాం. నా విస్తట్లో అన్నం పెడుతూ కూడా విస్తరినే చూసింది, నన్ను చూడలేదు. ఒక్కగానొక్క చెల్లె. అడిగినవాళ్ళందరికీ ఆమెకు కళ గురించి తెలియదని చెప్పాను. నేను ఆమె మాటను పదికాలాలు నిలబెట్టానని కూడా అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

ఆ తర్వాత రాసినవి ఏవీ కవితలు కాలేదు. లెక్కకు రెండు పుస్తకాలు వచ్చాయి.

మార్చి 2

నాలుగు రోజుల్లో నాతో మాట్లాడింది ముత్తక్క ఒక్కతే. అవతలి కోయగూడెం మనిషి, ఇప్పపూలు ఏరడానికి వచ్చి మా బోరు దగ్గర నీళ్ళు తాగుతుంది.

"ఏంది సారూ, పొద్దుగూకులు రాస్తనే ఉంటవ్? కరెంటుకు గిన్ని లెక్కలుంటయా?"

"అవ్ ముత్తక్కా, చాలా ఉంటయ్."

"నీ పెండ్లాం పిల్లలు ఏడుంటరు?"

"లేరు."

"అయ్యో" అని దోసెడు పూలు గట్టు మీద పెట్టి పోయింది. కవిత్వం కోసం పెళ్ళి చేసుకోలేదని ఒకప్పుడు చెప్పేవాడిని. ముత్తక్కకు అది చెప్తే ఇంకో దోసెడు పెట్టేది.

మార్చి 9

వైరా పోయాను. సంగీత పెళ్ళి వీడియో తీసిన స్టూడియో ఇంకా ఉంది. ఇప్పుడు కొడుకు బలరాం చూసుకుంటున్నాడు. వాళ్ళ నాన్న తీసిన పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాడు, మంచి పిల్లాడు. పేరు చెప్తే పది నిమిషాల్లో దొరికింది. 

తెరమీద మా తండా. పందిరి. పంతొమ్మిదేళ్ళ సంగీత, అద్దాల రవికె, చేతులనిండా గాజులు. అమ్మ మెడ వదిలి నా మెడ పట్టుకుంది. నోరు తెరిచింది.

సినిమా పాట వచ్చింది.

అప్పగింతల దగ్గరికి రాగానే అసలు శబ్దం తీసేసి ఎవరో గాయకుడి విషాద గీతం వేశాడు బలరాం వాళ్ళ నాన్న. ఏడు నిమిషాలు అదే.

"అసలు గొంతు ఎక్కడన్న ఉంటదా?" అని అడిగాను.

"ఉండది సార్. మీద పాట ఎక్కిస్తే కింది సౌండు పోతది. అప్పట్ల గట్లనే చేసేటోళ్ళు. ఏడుపులు ఎవరు వింటరు సార్, పాటైతే మంచిగుంటదని."

పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. బస్సులో జేబు మీద చెయ్యి తీయలేదు.

మార్చి 10

చూశాను. పదిసార్లు, పదిహేనుసార్లు. శబ్దం పూర్తిగా తీసేసి, వేగం తగ్గించి చూశాను. పెదాలు కదులుతున్నాయి. ఏం అంటోందో తెలియదు.

నేను అక్కడే ఉన్నాను కదా, నా చెవిలోనే కదా పాడింది అనుకొని కళ్ళు మూసుకున్నాను. నా తెలుగు వచ్చింది. "అన్నా, ఏ ఇంటి పొయ్యికి కట్టెను చేసి." వందసార్లు సభల్లో చదివిన తెలుగు. చెల్లె పాడింది మా లంబాడీ మాటలో. ఆ మాటల్లో ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఒక్కటంటే ఒక్కటి.

మార్చి 12

ఆ మాటలు ఆమె దగ్గర తీసుకున్నాను, నా దగ్గరా లేకుండా చేశాను. ఇంత మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

మార్చి 18

ఉపాయం తట్టింది! వీడియోను శబ్దం లేకుండా గోడంత పెద్దగా వేయాలి. కింద తెలుగు అక్షరాలు. ఆ ఏడు నిమిషాల్లో ఆమె ఏమని ఉండవచ్చో నేను ఊహించి రాసినవి. ఒకసారి ఒక రూపం, తర్వాతిసారి ఇంకో రూపం. చూసేవాడికి ఏది నిజమో ఎప్పటికీ తెలియదు.

పద్మప్రియకు చెప్తే ఎగిరి గంతేసింది. "కోటేష్ గారూ, ఇదండీ ప్రయోగమంటే! మధ్య గోడ మీకే ఇస్తున్నాను."

ఇద్దరికి సరిపడా వండుకొని ఒక్కడినే తిన్నాను. చాలా రోజులకు ఆకలేసింది.

మార్చి 23

ఏడు రూపాలు అయ్యాయి. ఎనిమిదోది రాస్తున్నాను. మానేసినవాళ్ళు ఇలాగే ఉంటారా?

సంగీతను అడగాలా అని ఒకసారి అనిపించింది. అడిగితే వద్దంటుంది. అందుకని అడగలేదు. కళకు అనుమతులేమిటి అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత బాగా చెప్పుకుంటానో నేను.

ఏప్రిల్ 4

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పదకొండు గంటలకు గేటు దగ్గర బండి ఆగింది. సంగీత, వెనకాలే మా బావ ధన్‌సింగ్. బండి దిగి ఇద్దరూ గదిలోకి వచ్చారు. మాట్లాడి తొమ్మిదేళ్ళు, చూసి ఆరేళ్ళు. ఆమె జుట్టు సగం తెల్లబడింది. నాకెవరూ చెప్పలేదు.

"జ్యోత్స్నకు పెండ్లి కుదిరింది. ఇరవయ్యేడు తారీకు. మేనమామవు, రాకపోతే నలుగురు అడుగుతరు" అంది. తెలుగులో అంది. మా ఇద్దరి మధ్య పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తెలుగు లేదు. బయటివాళ్ళతో మాట్లాడేది అది.

కూర్చోమన్నాను. కుర్చీ మీద లాప్‌టాప్ ఉంది. దాన్ని తీయబోయాను, ఆ తొందరలో తెర వెలిగింది. ఆమె ఉంది తెర మీద, నా మెడ పట్టుకొని, నోరు తెరిచి. కింద నా అక్షరాలు.

సంగీత పదో తరగతి దాకా చదివింది. మెల్లగా చదివింది. నేను పెట్టిన పెద్దపెద్ద మాటలు ఆమె నోట్లో ఒక్కొక్కటే విరుగుతుంటే నాకు గది బయటికి పారిపోవాలనిపించింది.

"ఇదేంది?"

"ఎగ్జిబిషన్‌కు... హైదరాబాద్‌ల..."

"మళ్ళనా?"

ధన్‌సింగ్ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు: "బావా, ఒక్కటడుగుత. తొమ్మిదేండ్ల సంది అడుగుదామనుకుంటున్న. నీ చెల్లె మా ఇంట్ల పొయ్యిల కట్టె అయ్యిందా? గా పేపరు మా అమ్మకు చదివి వినిపించిండ్రు. సచ్చేదాక గదే మాట. నా కోడలు గట్ల ఏడ్చిందట గదా అని."

ఆమె మాట దొంగిలించాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. లోపల్లోపల అదే అనుకొని, అదే దాచుకొని బతికాను. దాని అవతల ఒక ముసలామె ఉందని నాకు తెలియదు.

"నేను గా మాట అనలే" అంది సంగీత. "కట్టె లేదు, పొయ్యి లేదు. నువ్వు పేపర్ల రాసినంక నా మొగడు, నా అత్త అడిగిండ్రు, ఎందుకన్నవని. అనలేదంటే నమ్మలే. మీ అన్న అబద్ధం రాస్తడా అన్నరు."

"మరి ఏమన్నవ్?" నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. ఆ క్షణంలో కూడా మాటల కోసమే అడిగాను.

"నల్లమేక ఈనేదున్నది, అమ్మకు కండ్లు సరిగ్గ కనవడయి, దగ్గరుండి చూస్కో అన్న. గదే. రెండుసార్లన్న. ఏడుపుల ఎవలికన్న గంత పెద్ద మాటలొస్తయా?"

"కట్టె మాట ఎక్కడిది మరి?"

"నాకేం తెలుసు? నీదే అయ్యుంటది" అంది. కాసేపు తెరవైపు చూసింది. ఈసారి ఆమె చూసింది తనను కాదు, నన్ను. ఇరవయ్యైదేళ్ళ నేను, చేతులు రెండూ కిందికి వేలాడేసుకొని బిగుసుకుపోయి ఉన్నాను తెర మీద. "సూడు ఎట్ల నిలబడ్డవో. కంట్ల నీళ్ళు కూడ రాలే. మొగోళ్ళకు ఢావ్లో లేదు కద. నీ ఏడుపు తెచ్చి నా నోట్ల పెట్టినవ్. ఏడ్వాలనుంటే నువ్వే ఏడ్వాలె గని, నా మీద వెట్టుడేంది?"

కార్డు బల్ల మీద పెట్టింది. బండెక్కారు. గేటు దాకా పోయి నిలబడ్డాను, వాళ్ళు వెనక్కి చూడలేదు.

ఏప్రిల్ 5

నల్లమేక రెండు పిల్లలను ఈనింది. నేను ఇంట్లో లేను. అమ్మ ఒక్కతే కష్టపడింది. ఇప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 7

పద్మప్రియకు ఫోన్ చేసి వీడియో ఇవ్వనని చెప్పాను.

"అదేంటండీ! క్యాటలాగు ప్రెస్సుకు వెళ్ళిపోయింది."

జరిగింది చెప్పాను. ఆమె తెలివైన పిల్ల, వెంటనే అంది: "అయితే ఇంకా మంచిది కదండీ. అవి మీ ఏడుపే అని మీ చెల్లెలే చెప్పారు. మీ ఏడుపు మీరు పెట్టుకోవచ్చుగా?"

నిజమే అనిపించింది. పది సెకన్లు నిజమే అనిపించింది.

"ఏడుపు నాదేనమ్మా. మొహం ఆమెది."

ఆమె కోపంగానే అంది: "మిమ్మల్ని మళ్ళీ ఎవరు పిలుస్తారండీ?"

ఎవరూ పిలవరు. నలభై ఏడేళ్ళు. అడవి అంచున సబ్‌స్టేషన్. అది చివరి గోడ. ఫోన్ పెట్టేశాక ఎనిమిది రూపాలూ తుడిచేశాను. తుడిచాక గంటసేపు ఏడుద్దామని ప్రయత్నించాను. రాలేదు.

ఏప్రిల్ 13

ఏమీ లేదు.

ఏప్రిల్ 19

మానేశాను కదా, మరి పొద్దున లేవగానే చెయ్యి పెన్ను కోసం ఎందుకు పోతుంది? చదివేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు, చేసిందేమో ఇంత చెరుపు. శాలువాల కోసం కాదని ఇప్పుడు తెలుసు, శాలువాలు ఎప్పుడో ఆగిపోయాయి. అందం కోసమూ కాదు. లోపల ఏదో ఇరుక్కుంది, దానికి దారి లేదు, అంతవరకే తెలుసు.

పెళ్ళికి పోనా వద్దా?

ఏప్రిల్ 28

నిన్న పోయాను.

పందిరి, డీజే, జనం. పెన్ డ్రైవ్ సంగీత చేతిలో పెట్టాను. "నా దగ్గరున్నది ఇదొక్కటే, లాప్‌టాప్‌లోది తుడిచేశాను" అన్నాను. కొంగుకు ముడేసుకుంది.

సాయంత్రం సాగనంపే వేళ డీజే ఆపారు. ముసలి కమ్లి వచ్చి జ్యోత్స్న పక్కన నిలబడింది. తండాలో రాగం తెలిసినవాళ్ళలో ఆమే మిగిలింది. ఎత్తి ఇచ్చింది. జ్యోత్స్న తల్లి మెడ పట్టుకొని "అమ్మా, అమ్మా" అని వెక్కింది తప్ప మాట కట్టలేకపోయింది. నర్సింగ్ చదివిన పిల్ల, హైదరాబాదు హాస్టల్లో నాలుగేళ్ళు ఉంది, ఎవరు నేర్పారు గనక? తండ్రి దగ్గరా అంతే. నా దగ్గరికి వచ్చింది. మెడ పట్టుకుంది. "మామా" అంది. ఇంకేం రాలేదు.

"పాడు బిడ్డా, పాడు" అంటోంది కమ్లి.

"రాదు" అంటోంది పిల్ల నా భుజంలోకి. "మామా, నాకు రాదు. అందరు సూస్తున్నరు."

కారు వాడు హారన్ కొట్టాడు. ఎవరో జల్దీ కానియ్యమన్నారు. జ్యోత్స్న సిగ్గుతో ముఖం దాచుకుంది. అప్పుడు నా నోరు తెరుచుకుంది. తెరవాలని నేను అనుకోలేదు, దేవుడి మీద ఒట్టు.

మా మాటలో వచ్చింది. అమ్మ మాటలో. ఇక్కడ తెలుగులో రాస్తే ఇంతే:

బిడ్డా, మీ అమ్మ అత్తారింటికి పోయిన నాడు నేను ఏడ్వలేదు, ఎవరికీ చెప్పకుండా వైరాలో సినిమాకు పోయాను.

బిడ్డా, తిరిగొచ్చేసరికి గడపలో ఆమె పాత చెప్పులున్నాయి, వాటిని దాటి లోపలికి పోలేకపోయాను.

ముందు ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. తర్వాత నవ్వు పందిరంతా పాకింది. "ఓయమ్మో, మొగోడు ఢావ్లో పాడుతుండు!" అని కమ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఫోన్లు లేచాయి. నా గొంతు ఎప్పుడూ బాగుండదు, నిన్న మరీ ఘోరంగా ఉంది. కానీ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆపుదామంటే ఆగడం లేదు. జ్యోత్స్న చేతులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

ఢావ్లోలో చరణం అయిపోయాక పక్కనున్న ఆడవాళ్ళు రాగం అందుకొని సాగదీస్తారు, పాడే పిల్లకు ఊపిరి దొరకాలని. ఎవరూ అందుకోలేదు. నా ఊపిరి అయిపోయింది. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు అందుకుంది. సంగీతది. ఆమె ముఖం నేను చూడలేదు, చూస్తే కూలిపోతానని. ఆమె అందుకున్నాక కమ్లి కలిసింది. నవ్వు మెల్లగా ఆగింది.

మూడోది ఎత్తాను: బిడ్డా, ఇప్పుడు నువ్వు పోతున్నావు, ఇక నేను...

అక్కడ ఆగిపోయాను. ఏమనాలో తెలియలేదు. రాగం సాగుతూనే ఉంది, ఆడవాళ్ళు ఎదురుచూశారు. నాకు రాలేదు. కారు వాడు మళ్ళీ హారన్ కొట్టాడు. డీజే మొదలైంది. పిల్లను ఎక్కించారు.

సంగీతతో మాట్లాడలేదు. చివరి బస్సుకు వచ్చేశాను.

ఏప్రిల్ 29

పొద్దున డ్యూటీ. లైన్‌మన్ వచ్చి ముసిముసి నవ్వుతూ ఫోన్ చూపించాడు. "సార్, మీ వీడియో వాట్సాప్‌ల తిరుగుతుంది. మస్తు ఏడ్చిండ్రు సార్." చూడలేదు. సిగ్గేసింది. ఏన్కూరు దాకా నన్ను తెలియనివాళ్ళుండరిక.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. తొమ్మిదేళ్ళుగా మోగని పేరు.

"భియా" అంది, అన్నా అని. మా మాటలో మాట్లాడింది. "ఏం తిన్నవ్ పొద్దున?"

"ఏం లేదు."

"గొంతు మరీ గట్లుంటే ఎట్ల పాడినవ్? కమ్లి ఇంకా నవ్వుతనే ఉన్నది."

"తప్పయింది."

"తప్పుగిప్పు జానేదే. మూడోది కాడ ఆగినవ్. ఇక నేను, అన్నవ్. ఇక నేను... ఏంది? పిల్ల అత్తారింటి నుంచి ఫోన్ చేసి అడుగుతుంది, మామ తర్వాత ఏమందామనుకున్నడని. నాక్కూడ రాత్రంత గదే."

"తెల్వదు సంగీతా."

"తెల్వకపోతే కూసోని ఆలోచించు. తెలిసినంక నాకే ముందు చెప్పాలె, మైకుల కాదు."

పెట్టేసింది.

డ్యూటీ దిగేదాకా కాగితం ముందేసుకొని కూర్చున్నాను. ఇంకా తెలియలేదు. రేపు కూడా పొద్దుటి డ్యూటీనే.